సీఫుడ్ దిగుమతితో జబ్బులు వచ్చే ప్రమాదాన్ని అంచనా వేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

2016 చివర్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, లోగన్ నది పక్కనున్న రొయ్యల ఫారాల్లో తెల్లమచ్చ వ్యాధి అనే, రొయ్యల్ని చంపే వైరస్ జబ్బు బయటపడింది. ఆ దేశపు రొయ్యల చెరువుల్లోకి ఆ జబ్బు దిగడం అదే మొదటిసారి. కొద్ది నెలల్లో ఆ ప్రాంతంలోని ఏడు ఫారాలకూ పాకింది. చెరువుల్లో క్లోరిన్ కలిపి, పెంచిన రొయ్యలన్నిటినీ చేతులారా చంపుకోవాల్సి వచ్చింది. వైరస్ ఏ దారిన వచ్చిందో ఖాయంగా తేలలేదు. అయితే మార్కెట్లో అమ్ముతున్న దిగుమతి పచ్చి రొయ్యల్లో ఆ వైరస్ దొరికింది. ఆ రొయ్యల్నే కొందరు గాలానికి ఎరగా గుచ్చుతున్నారనీ తెలిసింది. 2017 జనవరిలో పచ్చి రొయ్యల దిగుమతిని కొన్నాళ్ళు ఆపేశారు.

ఆ రొయ్యలు మనిషి తినడానికి పనికిరాని సరుకేమీ కాదు. తెల్లమచ్చ వైరస్ మనుషులకు సోకదు. తినేవాడికి ఏ హానీ చెయ్యని సరుకు, నీళ్ళలో పడితే ఒక ప్రాంతపు జీవనోపాధినే ముంచేయగలదు. అందుకే దిగుమతి రిస్క్ అంచనా వేసేవాళ్ళు పెట్టెలో వైరస్ ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గర ఆగకూడదు. పెట్టె విప్పాక అందులోని ముక్క, తొక్క, కరిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయో చివరిదాకా వెంబడించాలి. దిగుమతి అనుమతులు చూసే ఉద్యోగులకు, కంపెనీల క్వాలిటీ టీమ్‌లకు, పక్కదేశం నుంచి సరుకు వస్తోందంటే టెన్షన్ పడే ఆక్వా రైతులకు పనికొచ్చేలా ఆ పనిని ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను.

ముందు రెండు ప్రశ్నల్ని విడదీయండి

తినేవాళ్ళ ఆరోగ్యం ఒక ప్రశ్న. సాల్మొనెల్లా, హిస్టమిన్ (చేప పాడైతే పుట్టే విషం), యాంటీబయాటిక్ అవశేషాలు దానికి చెందినవి. వాటికి కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాలున్నాయి. ఇక్కడి చేపలు, రొయ్యలు, ఆల్చిప్పల ఆరోగ్యం రెండో ప్రశ్న. దీనికి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ప్రచురించే జలచర ఆరోగ్య కోడ్ ఆధారం. రెంటినీ ఒకే ఫైల్లో కలిపేస్తే రెండూ చెడతాయి. పేర్లు కూడా తికమక పెడతాయి. విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియానే తీసుకోండి. అందులో కొన్ని రకాలు మనుషులకు వాంతులు, విరేచనాలు తెప్పిస్తాయి. మరికొన్ని రకాలు ప్రత్యేకమైన విషపు జన్యువులు మోసుకుంటూ రొయ్యల్లో ఈఎంఎస్ (చిన్న వయసులోనే హఠాత్తుగా చంపే) జబ్బు తెస్తాయి. జాతి పేరు ఒకటే, పని వేరు. ల్యాబ్ రిపోర్టులో ఆ పేరు కనబడగానే ఏ రకమో అడగండి.

చట్టపరంగా పునాది 1995 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ వారి ఎస్పీఎస్ (ఆహార భద్రత, జంతువుల, మొక్కల ఆరోగ్య నియమాల) ఒప్పందం. ఆంక్ష పెట్టాలంటే శాస్త్రీయమైన రిస్క్ అంచనా ఉండాలన్నది దాని సారం. ఆ అంచనా ఎలా ఉండాలో 1998లో సాల్మన్ వివాదంలో స్పష్టమైంది. కెనడా సాల్మన్‌ను ఆస్ట్రేలియా అడ్డుకున్న కేసు అది. జబ్బు రావచ్చు అని చెప్తే చాలదని, అది ప్రవేశించి, నిలదొక్కుకుని, వ్యాపించే అవకాశం ఎంతో, దానివల్ల ఎంత నష్టమో, ఆంక్షలు పెడితే ఆ అవకాశం ఎంత తగ్గుతుందో చూపాలని ఆ సంస్థలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ బాడీ చెప్పింది. మీ ఫైల్ ఎవరు తిరగేసినా ఈ ప్రశ్నలకు జవాబులు దొరకాలి.

మొదటి మెట్టు: సరుకేమిటో ఖచ్చితంగా రాయండి

“ఫ్రోజెన్ రొయ్యలు” అని రాస్తే ఏమీ రాయనట్టే. ఏ జాతి? చెరువులో పెంచినదా, సముద్రంలో పట్టినదా? తలతోనా, తల తీసిందా? తొక్క ఉందా? పేగు తీశారా? పచ్చిదా, ఉడికించిందా, పిండి పట్టించిందా? చిల్లర అమ్మకానికి చిన్న ప్యాకెట్లలో వస్తోందా, లేక ఇక్కడ మళ్ళీ విప్పి ప్రాసెస్ చేసే పెద్ద బ్లాకులుగానా? ఏటా ఎన్ని టన్నులు?

ఈ వివరాలు ఎందుకంత ముఖ్యమో ఒక్క రొయ్య మీదే చూపిస్తాను. తల తీసేస్తే రొయ్య కాలేయం కూడా దాంతో పోతుంది. ఈహెచ్‌పీ అనే, రొయ్యల ఎదుగుదలను తగ్గించే సూక్ష్మ పరాన్నజీవి ప్రధానంగా ఉండేది అక్కడే. ఈఎంఎస్ విషం దెబ్బతీసేదీ ఆ కాలేయాన్నే. కాబట్టి ఆ రెండు జబ్బులకు తల తీయడం మంచి రక్షణే. తెల్లమచ్చ వైరస్ సంగతి అలా కాదు. అది మొప్పల్లో, పొట్టలోనే కాక తొక్క కింది పొరలో, ఈత కాళ్ళలో కూడా ఉంటుంది. తల తీసినా తోకలో, తొక్కలో మిగులుతుంది. తొక్క కూడా వలిస్తే ఇంకొంత తగ్గుతుంది కానీ సున్నా కాదు. పని ఒకటే, జబ్బును బట్టి ఫలితం వేరు. అందుకే “ప్రాసెస్ చేసిన సరుకు కాబట్టి భయం లేదు” అన్న వాక్యం ఏ ఫైల్లో కనబడినా నేను కొట్టేస్తాను.

బతికున్న సరుకు సంగతి మరీ వేరు. బతికున్న ఆల్చిప్ప గానీ పీత గానీ వస్తే లోపలున్న క్రిములూ బతికే వస్తాయి. ప్యాకింగ్ నీళ్ళు, తడి గోనె కూడా సరుకులో భాగమే అనుకుని లెక్కించండి.

రెండో మెట్టు: ఏ జబ్బుల గురించి చూడాలో తేల్చుకోండి

ఆ జాతికి సోకగల జబ్బులన్నిటినీ ముందు రాసుకుని, ఒక్కొక్కదాన్నీ మూడు ప్రశ్నలతో వడకట్టండి. ఎగుమతి చేసే దేశంలో అది ఉందా, ఉండే అవకాశం ఉందా? ఈ సరుకు రూపంలో అది ప్రయాణం చేయగలదా? ఇక్కడ అది లేదా? ఉంటే, దాని మీద అధికారిక నియంత్రణ ఏదైనా నడుస్తోందా? సొంత చెరువుల్లో విచ్చలవిడిగా ఉన్న జబ్బును బయటి సరుకులో మాత్రం వద్దనడం చెల్లదు. ఒక్క మినహాయింపు ఉంది: పాత జబ్బులోనే తీవ్రమైన కొత్త రకం. ఆయిస్టర్ హెర్పిస్ వైరస్ అంతకుముందూ ఉన్నదే. 2008లో ఫ్రాన్స్‌లో దాని కొత్త రూపం పసిఫిక్ ఆయిస్టర్ పిల్లల్ని ఊడ్చేసింది.

రిపోర్టులో జబ్బు లేదు అంటే దేశంలో జబ్బు లేదని కాదు. వెతికిన వాళ్ళకే దొరుకుతుంది. నిఘా ఎలా చేస్తున్నారు, ఎన్ని చెరువుల నుంచి శాంపిళ్ళు తీస్తున్నారు, ల్యాబ్ ఏ పద్ధతి వాడుతోంది అని అడగండి. జవాబు రాకపోతే “లేదు” అని కాక “తెలియదు” అని రాసుకోండి. కారణం తెలియని మరణాలకు కూడా జాబితాలో చోటివ్వండి. ఈఎంఎస్ మరణాలు 2009 ప్రాంతంలో మొదలైతే, దాని కారణం 2013లో గానీ తేలలేదు. ఇజ్రాయెల్‌లో 2009 నుంచి తిలాపియా చనిపోతుంటే, కారణమైన వైరస్‌ను 2014లో గుర్తించారు. మధ్యలో గడిచిన ఆ నాలుగైదేళ్ళూ చేపల రవాణా మాత్రం ఆగలేదు.

మూడో మెట్టు: సరుకుతో పాటు క్రిమి ఇక్కడిదాకా వచ్చే అవకాశం

చెరువు దగ్గర మొదలుపెట్టి రేవు దాకా ప్రతి దశనూ కాగితం మీద గీయండి: పెంపకం, పట్టుబడి, గ్రేడింగ్, ప్రాసెసింగ్, ఫ్రీజింగ్, నిల్వ, ప్రయాణం. ప్రతి దశలో క్రిమి పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా అని పక్కనే రాయండి.

మొదటి దశలోనే చాలామంది పొరబడతారు. దేశంలో నూటికి రెండు చెరువుల్లో జబ్బు ఉందని తెలిస్తే, సరుకులోనూ రెండు శాతమే ఉంటుందనుకుంటారు. చెరువులో రొయ్యలు చావడం మొదలవగానే రైతు ఏం చేస్తాడు? మిగిలినవైనా చేతికొస్తే చాలని ఆ రాత్రే వల వేయిస్తాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, పెట్టుబడంతా ఆ నీళ్ళలోనే ఉంది మరి. కానీ అలా హడావుడిగా పట్టిన చెరువులో రొయ్యల్లో అధికభాగానికి జబ్బు సోకి ఉండొచ్చు. అవన్నీ ఒకే లాటుగా మార్కెట్‌కు వెళ్తాయి. కాబట్టి సగటుతో సరిపెట్టుకోకండి. సైజు చిన్నగా, వయసు రాకముందే పట్టిన లాట్లు ఎక్కువగా వస్తుంటే ఒకటికి రెండుసార్లు ఆరా తీయండి.

ఇక గడ్డకట్టించడం. ఫ్రీజర్లో పెడితే క్రిములు చస్తాయన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఈఎంఎస్ బ్యాక్టీరియా విషయంలో అది చాలావరకు నిజమే. తెల్లమచ్చ వైరస్ విషయంలో కాదు. చలిలో అది హాయిగా నిలవుంటుంది. మనం ఫ్రీజర్‌తో సరుకును ఎలా కాపాడుకుంటామో, వైరస్‌ను కూడా అలాగే కాపాడుతున్నామన్నమాట.

వేడి అయితే వేరు. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3.6 నిమిషాలు, లేదా దానికి సమానంగా వేడిచేసి గాలి చొరకుండా మూసిన డబ్బా సరుకును జలచర జబ్బుల పరంగా సురక్షితంగానే చూస్తారు. మామూలుగా ఉడికించిన సరుకులో మాత్రం జబ్బును బట్టి ఎంత వేడి, ఎన్ని నిమిషాలు అన్నది మారుతుంది. కొవ్వు పొర ఉన్న వైరస్‌లు వేడికి తొందరగా లొంగుతాయి, ఆ పొర లేనివి మొండికేస్తాయి. సాల్మన్ జాతి చేపల్లో వచ్చే ఐపీఎన్ వైరస్ అలాంటి మొండిదే. బయటి పొర ఎర్రబడేలా ఉడికిందా అని చూడకండి. ముక్క నడిమధ్య ఎంత వేడెక్కిందో ఫ్యాక్టరీ రికార్డు అడగండి.

నాలుగో మెట్టు: పెట్టె నుంచి నీళ్ళ దాకా

నా ఉద్దేశంలో అసలు పని ఇదే. ఎక్కువగా అరకొరగా వదిలేసేదీ ఇదే.

ఒక ప్రాసెసింగ్ షెడ్‌ను ఊహించుకోండి. ఫ్రీజర్ నుంచి తీసిన 2 కిలోల బ్లాకుల్ని తొట్టెలో వేసి పైన పంపు తిప్పారు. ఐసు కరిగి, బూడిదరంగు నీళ్ళు తొట్టె అంచు దాటి నేల మీదికి, నేల మీంచి కాలువలోకి జారుతున్నాయి. బల్ల మీద ఆడవాళ్ళు తలలు విరిచి బుట్టల్లో వేస్తున్నారు. సాయంత్రానికి ఆ బుట్టలు గోడవతల కుప్ప పడతాయి. కాకులు వాలతాయి. వర్షం వస్తే ఆ కుప్ప కడుగుడు కూడా కాలువలోకే. ఆ కాలువ ఎక్కడ కలుస్తుంది? దాని దిగువన పీతలున్నాయా? అక్కణ్ణుంచి ఎవరి చెరువుకైనా నీళ్ళు తోడుకుంటున్నారా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఆఫీసులో కూర్చుంటే దొరకదు. కాలువ వెంట నడవాలి.

దారులు ఇంకా ఉన్నాయి. కొన్న పచ్చి రొయ్యను గాలానికి గుచ్చడం అన్నిటికన్నా సూటి దారి. వైరస్ ఉన్న ముక్కను నేరుగా నీళ్ళలోకి, అదీ ఆకలితో ఉన్న జీవి నోటికి అందిస్తున్నాం. మనుషుల తిండిగా వచ్చిన సరుకును పెంపకపు చేపలకో, హేచరీలో (పిల్లల్ని పుట్టించే కేంద్రంలో) ఉన్న తల్లి రొయ్యలకో పచ్చిమేతగా వేయడం మరో దారి. 1995లోనూ 1998లోనూ ఆస్ట్రేలియా తీరంలో పిల్చర్డ్ చేపలు హెర్పిస్ వైరస్‌తో అపారంగా చనిపోయాయి. ట్యూనా పెంపకానికి మేతగా తెప్పించిన ఫ్రోజెన్ పిల్చర్డ్‌ల మీద అనుమానం పడింది. రుజువు కాలేదు కానీ, ఆ దారి ఉందన్న సంగతి అందరికీ అర్థమైంది. పక్షుల్నీ మరిచిపోవద్దు. టౌరా సిండ్రోమ్ అనే రొయ్యల జబ్బు తెచ్చే వైరస్ సీగల్ పక్షుల రెట్టలో చావకుండా బయటికి రాగలదని పరిశోధనల్లో తేలింది.

ఒక్కో దారికీ నాలుగు సంగతులు రాయండి: ఆ దారిన ఎంత సరుకు పోతుంది, నీటిని చేరేసరికి క్రిమి బతికుంటుందా, అక్కడ సోకగల జీవి ఉందా, సోకడానికి సరిపడా మోతాదు అందుతుందా. తెల్లమచ్చకైతే రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్లు వంటి పది కాళ్ళ జాతులన్నీ సోకేవాటిగానే లెక్క. పైగా రొయ్య చచ్చిన తోటి రొయ్యను తింటుంది కాబట్టి ఒకదాన్నుంచి పదింటికి పాకడానికి వేరే సాయం అక్కర్లేదు.

కొన్ని జబ్బులకు మాత్రం దారి మధ్యలో తెగుతుంది. ట్రౌట్ చేపల్లో వచ్చే వర్లింగ్ వ్యాధి పరాన్నజీవికి ట్యూబిఫెక్స్ అనే బురద పురుగు తోడు లేకపోతే జీవితచక్రం పూర్తికాదు. వీహెచ్ఎస్ అనే చేపల వైరస్ చల్లటి నీళ్ళలో విజృంభిస్తుంది, ఏడాదంతా వెచ్చగా ఉండే నీళ్ళలో నిలదొక్కుకోవడం కష్టం. మీ నీళ్ళ వేడి, మీ నీళ్ళలోని జీవులు ఏమిటో రాయకుండా ఈ మెట్టు పూర్తయిందనకండి.

అయిదో మెట్టు: వస్తే ఏమవుతుంది

చచ్చిన రొయ్యల విలువ ఒక్కటే లెక్కేసి వదిలేస్తే నష్టంలో కొంతే కనబడుతుంది. చెరువులు ఖాళీ చేసి ఎండబెట్టిన నెలలు, హేచరీలకు పోయిన ఆర్డర్లు, ఎగుమతి మార్కెట్లు మూసుకుపోవడం, కూలిపనులు పోవడం అన్నీ కలపండి. జబ్బు బయటి నీళ్ళలోకి దిగితే మత్స్యకారుల మీద రవాణా ఆంక్షలు పడతాయి. లోగన్ నది జబ్బు ఆ నది కలిసే మోర్టన్ బే అఖాతంలోని అడవి రొయ్యల్లో, పీతల్లో కూడా కనబడ్డాక ఆ ప్రాంతపు పచ్చి రొయ్యల రవాణా మీద ఆంక్షలు పడ్డాయి. చెరువుతో సంబంధమే లేని వాళ్ళు కూడా నష్టపోయారు. చెరువును ఎండబెట్టొచ్చు, సముద్రాన్ని ఎండబెట్టలేం.

ఆరో మెట్టు: కలిపి తూకం వేయడం

చాలా అంచనాలు అంకెలతో కాక మాటలతో నడుస్తాయి: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, చాలా తక్కువ, లెక్కలోకి రానంత తక్కువ. ఇందులో తప్పేమీ లేదు, ఒక్కో మాటకు అర్థం ముందే రాసి పెట్టుకుంటే. ప్రవేశం, సోకడం రెండూ జరిగితేనే జబ్బు వస్తుంది కాబట్టి, రెంటినీ కలిపిన అవకాశం వాటిలో చిన్నదాన్ని మించకూడదు. “తక్కువ”, “తక్కువ” కలిస్తే “చాలా తక్కువ” అవ్వాలి గానీ “మధ్యస్థం” అవ్వదు.

పరిమాణం విషయంలో లెక్క తలకిందులవుతుంది. ఉదాహరణకు ఒక కంటైనర్ వల్ల జబ్బు అంటుకునే అవకాశం పదివేలలో ఒకటి అనుకుందాం. వింటే ఏమీ కాదనిపిస్తుంది. ఏటా 1,000 కంటైనర్లు వస్తే ఆ ఏడాదిలో అవకాశం సుమారు 9.5 శాతం. పదేళ్ళకు సుమారు 63 శాతం. అందుకే “ఇన్నేళ్ళూ ఏం కాలేదుగా” అన్న మాటను ఆధారంగా ఒప్పుకోవద్దు.

ఏడో మెట్టు: అడ్డుకట్టలు, వాటిని పరీక్షించడం

తేలిన రిస్క్ మీ దేశం ఒప్పుకునే స్థాయికన్నా ఎక్కువైతే అడ్డుకట్ట వేయాలి. అవసరానికి మించి వాణిజ్యాన్ని బిగించకూడదు. ఒకేలాంటి రిస్కులకు ఒకేలాంటి నియమం పెట్టాలి. సాల్మన్ కేసులో ఆస్ట్రేలియా ఇక్కడే ఇరుక్కుంది: సాల్మన్‌ను ఆపుతూ, ఎరకు వాడే ఫ్రోజెన్ హెర్రింగ్‌ను, బతికున్న అలంకార చేపల్ని రానిచ్చింది. ఎక్కువ రిస్క్ ఉన్నదాన్ని వదిలి తక్కువదాన్ని పట్టుకున్నట్టయింది. ఆధారాలు చాలకపోతే తాత్కాలిక ఆంక్షకు ఒప్పందంలోనే వీలుంది. కానీ మిగతా సమాచారం సేకరించి, తగిన గడువులో తిరిగి చూడాలి.

నాలుగో మెట్టులో గీసిన దారిలో ఏ చోట తెంపితే ఎక్కువ ఫలితమో చూడండి. ఒక్కోసారి రేవులో పరీక్షకన్నా, వ్యర్థాలు శుద్ధిచేసే షెడ్లకు మాత్రమే పెద్ద బ్లాకులు ఇవ్వడం, ఎరకు పనికిరాకుండా వలిచి పేగు తీసిన సరుకునే చిల్లరకు రానివ్వడం మేలు.

రేవులో పరీక్ష మీద ఎంత భారం వేయొచ్చో తెలియాలంటే ఒక చిన్న లెక్క. లాటులో 5 శాతం రొయ్యలకు జబ్బుంటే, 60 రొయ్యల్ని పరీక్షిస్తే కనీసం ఒకటైనా దొరికే అవకాశం 95 శాతం. జబ్బు 2 శాతమే ఉంటే అదే భరోసాకు 150 దాకా కావాలి. 1 శాతమైతే 300. ఇప్పుడు వెనక్కి చూడండి: 1 శాతం జబ్బున్న లాటు నుంచి 60 మాత్రమే తీస్తే, అన్నీ నెగెటివ్ వచ్చి లాటు పాసయ్యే అవకాశం 55 శాతం. ఇదంతా టెస్ట్ ఒక్కటీ తప్పకుండా పట్టుకుంటుందని, శాంపిల్ నిజంగా అన్ని పెట్టెల్నుంచీ తీశారని అనుకుంటేనే. కంటైనర్ తలుపు దగ్గర చేతికందిన రెండు పెట్టెలు విప్పితే ఈ అంకెలేవీ వర్తించవు. శాంపిల్ ఏ పెట్టెలోంచి రావాలో దిగుమతిదారు కాక, మీరే ఎంపిక చేయండి.

పీసీఆర్ (క్రిమి జన్యువును వెతికే ల్యాబ్ టెస్ట్) పాజిటివ్ అంటే జన్యు పదార్థం దొరికిందని అర్థం, బతికున్న వైరస్ ఉందని కాదు. ఉడికించిన సరుకులోనూ పాజిటివ్ రావచ్చు. అలాంటప్పుడు ఫ్యాక్టరీ వేడి రికార్డులతో కలిపి చదవండి. పచ్చి సరుకులో పాజిటివ్ వస్తే మాత్రం బతికున్నట్టే లెక్కేసి ముందుకెళ్ళండి.

ఎనిమిదో మెట్టు: రాయడం, వినడం, తిరిగి చూడటం

ప్రతి నిర్ధారణ పక్కనా దేని ఆధారంగా అన్నారో, ఎంత నమ్మకంతో అన్నారో రాయండి. ముసాయిదాను ఎగుమతి దేశానికి, దిగుమతిదారులకు, రైతులకు, మత్స్యకారులకు చూపించండి. ఎర ఎక్కడ కొంటున్నారో, కాలువ ఎటు పారుతోందో మీకన్నా వాళ్ళకే బాగా తెలుసు. మొదటి మీటింగ్‌ను అంచనా పూర్తయ్యాక కాక నాలుగో మెట్టు మొదలుపెట్టేముందే పెట్టుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

ఫైల్ మొదటి పేజీలోనే, ఏం జరిగితే దీన్ని తిరిగి తెరవాలో రాసి పెట్టండి: ఎగుమతి దేశంలో కొత్త జబ్బు ప్రకటన, సరుకు రూపం మారడం, పరిమాణం ఒక్కసారిగా పెరగడం, రేవులో వరుసగా పాజిటివ్‌లు, ఇక్కడి నీళ్ళలో కారణం తెలియని చావులు. చివరి రకం కబురు వస్తే మాత్రం కమిటీ కూర్చునేదాకా ఆగకండి. ఆ రోజే శాంపిల్ ల్యాబ్‌కు పంపండి, దగ్గర్లోని ప్రాసెసింగ్ షెడ్ల కాలువలు మూయించండి.